నీళ్ళతిత్తి

కొక్కేనికి వేలాడుతున్న పొట్టేలు తోలు సగం దాకా దిగి ఆగిపోయింది. దింపుతున్న మనిషి, పిడికిలి తోలుకీ కండకీ మధ్య దూరి ఉండగానే ముందుకు ఒరిగి, నుదురు దాని డొక్కకు ఆనించి నిలబడిపోయాడు.

"ఏంట్రా పిడికిలీ, దానికి రహస్యం చెబుతున్నావా? చెవులు కిందున్నాయిరా!" పక్క కొక్కెం దగ్గరివాడు కేకేశాడు. షెడ్డంతా గొల్లున నవ్వింది.

నీళ్ళతొట్టి దగ్గర పేగులు తిరగేసి కడుగుతున్న అతని భార్య నవ్వలేదు. తొట్టిలోంచి చేతులు తీసి చూసింది. అతని బరువంతా ఆ పొట్టేలు మీదే ఉంది. ఈ పూటకు ఎలాగో గట్టెక్కుతాడని పొద్దుటి నుంచీ అనుకుంటోంది గాని, గట్టెక్కే వాలకం కాదది.

కత్తి పెట్టకుండా ఒట్టి పిడికిలితో తోలు ఊడదియ్యడం అతని విద్య. కత్తి తగిలితే తోలుకు గాటు పడుతుంది, గాటు పడ్డ తోలును ఎవడూ సరిగ్గా కొనడు. అతని చేతి కింద దిగిన తోలు విప్పి పడేసిన చొక్కాలా ఉండేది. అందుకే కబేళాలో అతని పేరే పిడికిలి అయిపోయింది. పేరు పెట్టింది మేస్త్రి. మేస్త్రి పరాయివాడేం కాదు, స్వయానా మేనమామ. తల్లి పోయిన మేనల్లుణ్ణి చంకనేసుకొచ్చి ఈ షెడ్డులోనే పెంచాడు, పని నేర్పాడు, పెళ్ళీ చేశాడు. మేస్త్రికి పిల్లల్లేరు. ఉన్నదంతా ఆ కత్తీ, ఈ మేనల్లుడూ.

ఇప్పుడా మేనల్లుడి కుడి డొక్క కింద బోర్లించిన చిప్పలాంటి గడ్డ ఉంది. మొదట్లో తిన్నది అరగక అనుకున్నారు. తర్వాత పక్కకు తిరిగి పడుకోలేకపోయాడు. ఆ తర్వాత చొక్కా గుండీ పట్టలేదు. "మగాడివి, నెలలు నిండే దాకా ఎవరికీ చెప్పలేదేంట్రా" అని షెడ్డులో ఒకటే పరాచికాలు. అతనూ వాళ్ళతో కలిసి నవ్వేవాడు. నవ్వితే నొప్పి పుట్టి మధ్యలో ఆపేసేవాడు.

నొప్పి కాస్త తగ్గింది కాబోలు, నిటారుగా లేచి మళ్ళీ పిడికిలి బిగించాడు. ఆమె చేతులు మళ్ళీ తొట్టిలో ముంచింది. ఆగిన వాళ్ళ వంక గుమస్తా చూస్తూనే ఉంటాడు.

షెడ్డు చివర బండ ముందు మేస్త్రి కార్జాలు పరీక్ష చేస్తున్నాడు. ఒక్కో కార్జాన్నీ అరచేతిలో వేసుకుని, పసిపిల్ల బుగ్గ తడిమినట్టు బొటనవేలితో తడుముతాడు. ఎక్కడైనా తెల్లగా, ఉబ్బుగా నీళ్ళతిత్తి తగిలితే కత్తి మొనతో చిన్న పోటు. నీళ్ళు చివ్వున చిమ్ముతాయి. ఖాళీ అయిన తిత్తిపొరను గోటితో లాగి పారేసి, మిగతా కార్జం బుట్టలో వేస్తాడు. అది హోటళ్ళకు పోతుంది. తిత్తులు మరీ ఎక్కువగా ఉండి అమ్మకానికి పనికిరానిదైతే వెనక్కి చూడకుండా భుజం మీదుగా విసురుతాడు. అది నేలన పడదు. గాల్లోనే కుక్కలు అందుకుంటాయి. రాత్రిళ్ళు తోళ్ళకు కాపలా ఆ కుక్కలే, వాటి జీతం ఆ కార్జమే. వాటి తిండికి వేరే ఖర్చు లేదని యజమాని వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకుంటాడు.

ఆ కుక్కల్లో కర్రిది ఒకటి పిడికిలికి మాలిమి. కబేళా గోడకు ఆనుకుని వాళ్ళుండే గది గుమ్మంలోనే దాని పడక. అతను అన్నం ముందు కూర్చుంటే అది మోకాలి మీద తల పెట్టేది. ఎడంచేత్తో దాని వీపు నిమురుతూ కుడిచేత్తో తినేవాడు. "పెళ్ళానికి కూడా ఇంత మర్యాద లేదు" అని ఆమె దెప్పేది.

కొన్నాళ్ళ కిందట పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ఆ కుక్కల సంగతే అడిగింది. స్కానింగు బొమ్మ దీపం ముందు పెట్టి చాలాసేపు చూశాక, ఏం పని చేస్తావని అడిగింది, చెప్పాడు.

"అక్కడ కుక్కలుంటాయా?"

"కుక్కల్లేని కబేళా ఎక్కడుంటుందమ్మా!"

"గొర్రె కార్జంలో నీళ్ళతిత్తులు చూశావా ఎప్పుడైనా?"

"రోజూ చూస్తాం."

"నీ కార్జంలో ఉన్నది అదే."

అతను నవ్వబోయాడు. డాక్టరమ్మ మొహం చూసి మానుకున్నాడు. ఆమె నిదానంగా చెప్పింది. అదొక బద్దెపురుగు. ఉండేది కుక్క పేగుల్లో. దాని గుడ్లు కుక్క దొడ్డికెళ్ళినప్పుడు బయటపడి గడ్డికీ, నీళ్ళకీ, దాని బొచ్చుకీ అంటుకుంటాయి. గడ్డితో పాటు గొర్రె కడుపులోకి పోతాయి. చేతుల నుంచి మనిషి కడుపులోకి పోతాయి. కార్జంలో చేరి ఏళ్ళ తరబడి తిత్తి కట్టుకుని పెరుగుతాయి. ఆ తిత్తులున్న కార్జం కుక్క తింటే మళ్ళీ దాని పేగుల్లో పురుగవుతుంది.

"అంటే కుక్కకు పెట్టిందీ మేమే, తెచ్చుకుందీ మేమే" అంది అతని భార్య.

"నీ తప్పేం లేదమ్మా. ఇన్నాళ్ళూ ఎవరూ మీకు చెప్పలేదు" అంది డాక్టరమ్మ. ముందు కొన్ని వారాలు మాత్రలు మింగాలి, తిండి తిన్నాకే మింగాలి, మధ్య మధ్య రక్తం పరీక్ష చేయించుకోవాలి. ఆ తర్వాత ఆపరేషను. "కొందరికి కొయ్యకుండా సూదితోనే నీరు తీస్తాం. కానీ అది ఇక్కడే, బొమ్మలో చూస్తూ, లోపలి పురుగును చంపే మందు పోస్తూ, ప్రాణం మీదికొస్తే వేసే ఇంజెక్షను పక్కనే పెట్టుకుని. నీది చాలా పెద్దది, పైగా లోపల పిల్ల తిత్తులున్నాయి. నీకు కొయ్యాల్సిందే. అప్పటిదాకా బరువులెత్తకు. దానికి దెబ్బ తగలనివ్వకు. ఆ నీళ్ళు కడుపులో ఒలికితే అప్పటికప్పుడే ప్రాణం పోవచ్చు. పోకపోతే ఒలికిన చోటల్లా మళ్ళీ తిత్తులు మొలుస్తాయి."

అదంతా ఇద్దరూ విన్నారు. ఇంటికొచ్చే సరికి అతని చెవిలో మిగిలింది వేరు. కొయ్యాల్సిందే అన్న మాట దగ్గరే అతని మనసు నిలిచిపోయింది. రోజంతా కత్తుల మధ్య బతికేవాడు కత్తికి ఎంత భయపడతాడో భార్యకు ఆ రోజే తెలిసింది. ఇన్ని డొక్కలు తెరిచి చూసినవాడికి తనది తెరిస్తే ఎలా ఉంటుందో ఎవరూ చెప్పనక్కర్లేదు కదా.

మాత్రలు మింగాడు. కర్రిదాన్ని గుమ్మంలోంచి తరమమని ఆమె అంటే, "దానికేం తెలుసే పాపం" అని బయటికెళ్ళి దాని పక్కన కూర్చునేవాడు.

కార్జాలు కుక్కలకు వెయ్యొద్దని, గొయ్యి తీసి పూడ్చాలని ఆమె మేస్త్రికి చెప్పింది. అతను యజమానికి చెప్పాడు. యజమాని కోప్పడలేదు. కుర్చీలోంచి లేచొచ్చి మేస్త్రి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఈ మాట గేటు దాటితే ఏమవుతుందో తెలుసా మేస్త్రీ? మన మాంసంలో పురుగుందంటారు. ఒక్క హోటలు వాడు రాడు. అప్పుడు నువ్వూ నేనూ కలిసి గొయ్యి తీసుకుందాం, మనం పడుకోవడానికి." ఆ మాటకు తనే నవ్వాడు. తర్వాత నవ్వు మానేసి, "పిడికిలి ఎన్నాళ్ళు మంచాన ఉంటాడంట?" అన్నాడు.

"ఆపరేషనయ్యాక రెండు మూడు నెలలు బరువు ఎత్తొద్దన్నారయ్యా."

"ఈ గిరాకీ అదునులోనా? ఆ కొక్కెం దగ్గర వేరేవాణ్ణి పెట్టాలి. పెట్టినవాడికి గది ఇవ్వాలి. ఉన్నది ఒకటే గది." యజమాని గోళ్ళు చూసుకున్నాడు. "అయినా మేస్త్రీ, నువ్వు ఎన్ని వేల తిత్తులు పొడిచి ఉంటావు? ఒక్క కార్జమైనా పాడైందా నీ చేతిలో?"

మేస్త్రి తన బండ దగ్గరికి తిరిగొచ్చాడు. ఆ మాట మాత్రం అతని లోపల దిగింది. దిగి, రోజురోజుకీ ఊరింది. పిడికిలి ఆసుపత్రి మాటలు చెప్పినప్పుడు "సూదితో నీరు తీస్తారంట కొందరికి" అన్నది ఒకటే అతని మనసుకు అతుక్కుంది.

"వాళ్ళూ చేసేది సూదిపోటే కదరా. దానికి అన్ని వారాలు, అన్ని మాత్రలు, అంత కోత దేనికి? లోపలున్నది నీరేగా!"

పిడికిలి మొహంలో చాలా రోజుల తర్వాత వెలుగొచ్చింది.

తొట్టిలో చేతులు పేగులు కడుగుతున్నా, ఇదంతా ఆమె తలలో తిరుగుతూనే ఉంది. పొట్టేలు తోలు కిందికి జారింది. జారడంతో పాటే అతనూ నేల మీద కూలబడ్డాడు.

మధ్యాహ్నానికి సరుకు బండ్లు వెళ్ళిపోయాయి. షెడ్డు కడిగారు. ఇక ఆగేది లేదని మేస్త్రి తన బండను రెండుసార్లు వేణ్ణీళ్ళతో తోమి, మేనల్లుణ్ణి దాని మీద పడుకోబెట్టాడు. చేతిలో పొట్ట ఉబ్బిన పశువులకు గాలి తీసే లావుపాటి సూది ఉంది. దాన్ని మంటలో కాల్చి, గుడ్డతో తుడిచి, మళ్ళీ కాల్చాడు. అంత శ్రద్ధగా అతను ఏ పనీ చెయ్యగా ఆమె చూడలేదు. గుమస్తా తలుపు దగ్గర నిలబడ్డాడు. యజమాని బయట కారులోనే ఉన్నాడు. రక్తం చూస్తే ఆయనకు కళ్ళు తిరుగుతాయట.

"మామా, డాక్టరమ్మ దాన్ని ముట్టుకోనే వద్దంది. నేను విన్నాను" అంది ఆమె.

"డాక్టరమ్మ ఎన్ని కార్జాలు చూసిందమ్మాయ్? నేను చూసినన్ని చూసిందా?"

"నువ్వు చూసినవన్నీ చచ్చినవే మామా!"

కత్తులు కడుగుతున్నవాళ్ళంతా ఇటు తలలు తిప్పారు. మేస్త్రి సూదిని ఇంకోసారి మంటలో పెట్టాడు. పిడికిలి తల ఎత్తి ఆమె వంక చూశాడు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు.

"ఊరుకోవే. మామ చేతికి నేను భయపడను. వాళ్ళు కడుపంతా కోస్తారు. ఇది అయిపోతే రేపు మామూలుగా పనిలోకి దిగుతాను, గది ఉంటుంది. నువ్వొచ్చి కాళ్ళు పట్టుకో. నువ్వు పట్టుకుంటే కదలను."

ఆమె కదల్లేదు.

"నువ్వు పట్టుకోకపోతే వీళ్ళు పట్టుకుంటారు. అంతేగా తేడా" అన్నాడు గుమస్తా.

ఆమె వెళ్ళి కాళ్ళు పట్టుకుంది. చల్లగా ఉన్నాయి. మడమ పగుళ్ళలో షెడ్డు నెత్తురు ఎండి నల్లబడి ఉంది. ఆ పగుళ్ళనే చూస్తూ ఉండిపోయింది.

మేస్త్రి బొటనవేలితో గడ్డ అంతా తడిమాడు. చర్మం పల్చగా ఉన్న చోటు దొరికింది. ఒక్క పోటు. పిడికిలి కాళ్ళు బిగుసుకుని వదులయ్యాయి. సూది వెనక నుంచి నీరు చివ్వున చిమ్మి మేస్త్రి ఛాతీ మీద పడింది. తేటగా, ఊటనీరులా ఉంది, చీమూ నెత్తురూ లేవు. కింద పెట్టిన డబ్బా సగం నిండింది. అందులో తెల్లని చిన్న చిన్న బుడగలు ద్రాక్షపళ్ళలా తేలుతున్నాయి. గడ్డ అందరూ చూస్తుండగానే చదునైపోయింది.

"చూశావటే!" మేస్త్రి సూదితోనే డబ్బా వైపు చూపించాడు. "చూశావా అమ్మాయ్, ఒట్టి నీళ్ళు!"

షెడ్డంతా ఈలలు వేసింది. పక్క కొక్కెం వాడు డబ్బా పైకెత్తి, "కవల పిల్లలు కాదురా, ఏకంగా మందే పుట్టింది!" అన్నాడు. పిడికిలి నవ్వాడు. నొప్పి లేకుండా, మధ్యలో ఆపకుండా నవ్వాడు. ఆమెకు కూడా నవ్వొచ్చింది. తాను మూర్ఖంగా అడ్డం పడ్డానేమోనని సిగ్గేసింది.

"దురదగా ఉందే" అన్నాడు.

మెడ గోక్కున్నాడు. గోకిన చోట దద్దురు లేచింది. గోకని చోటా లేచింది. ఛాతీ మీద, చేతుల మీద, కనురెప్పల మీద దద్దుర్లు కలిసిపోయి మొహం ఉబ్బడం మొదలైంది. పెదవులు లావెక్కి, ఏదో చెప్పబోయి చెప్పలేకపోయాడు. ఊపిరి లోపలికి పోతుంటే గొంతులో ఈల మోగింది. మేస్త్రి ఇంకా సూది పట్టుకునే ఉన్నాడు. "ఏంట్రా? ఏంట్రా నాయనా? ఒట్టి నీళ్ళేగదరా!" అంటున్నాడు. గొర్రెల్లో ఏదీ ఇలా చెయ్యలేదు.

"బండిలో వెయ్యండి!" అని ఆమె అరిచింది. ఎవరూ కదలకపోతే చంకల కింద చేతులు వేసి తనే ఈడ్చింది. అప్పుడు కదిలారు.

మాంసం తోలే వ్యానులో, ఐసు నీళ్ళు కారుతున్న రేకు మీద అతన్ని పడుకోబెట్టారు. ఒక పక్క ఆమె, ఒక పక్క మేస్త్రి. గుమస్తా కారు దగ్గరికెళ్ళి మాట్లాడి వచ్చి ముందు సీట్లో ఎక్కాడు. బండి కదిలాక వెనక్కి తిరిగాడు.

"అందరూ వినండి. గేటు ఎక్కబోయి జారాడు. ఊచ దిగింది. అంతే జరిగింది."

"గేటెందుకు ఎక్కుతాడు?" అంది ఆమె.

"తాగి ఎక్కాడు."

"ఆయన తాగడు."

"ఈరోజు తాగాడు." గుమస్తా గొంతులో కసి లేదు, కొట్టులో సరుకు పేర్లు చదువుతున్నట్టుంది. "చూడమ్మా, నేను చెప్పేది నీ మంచికే. ఊచ అంటే ఖర్చంతా అయ్యగారు చూసుకుంటారు, గది నీదే. సూది అంటే ముందు జైలుకెళ్ళేది ఎవరు? నీ మామ. తర్వాత? కాళ్ళు పట్టుకున్నదానివి నువ్వు. కొక్కెం దగ్గరివాళ్ళంతా చూశారు. అయ్యగారు షెడ్డులో అడుగు కూడా పెట్టలేదు, గుర్తు పెట్టుకో."

మేస్త్రి మేనల్లుడి తల ఒళ్ళో పెట్టుకుని ఊగుతున్నాడు. అతనికి ఇదేం వినపడినట్టు లేదు. కాసేపటికి ఆమె వైపు చూడకుండానే, "ఊచే అందాం అమ్మాయ్" అన్నాడు. "ఊచే అందాం. ముందు వాడు బతకనీ."

పిడికిలి గొంతులో ఈల సన్నబడుతోంది. ఆమె చెవి అతని నోటి దగ్గర పెట్టుకుని కూర్చుంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ లేదు. కుర్ర డాక్టరు పరుగున వచ్చాడు. ఏమైందని అడిగాడు. నోరు తెరవడానికి ఆమెకు ఊపిరి అందే లోపే గుమస్తా అందుకున్నాడు.

"గేటు ఊచ గుచ్చుకుంది సార్. పక్కలో దిగింది."

డాక్టరు చొక్కా పైకి లాగి పోటు చూశాడు, నాడి చూశాడు. నాడి అందడం లేదు. "కార్జానికి తగిలుంటుంది. లోపల రక్తం పోతోంది. రక్తం తెప్పించండి, థియేటరు సిద్ధం చెయ్యండి" అని నర్సుతో అన్నాడు. అంతలో మొహం మీద ఉబ్బు చూసి ఆగాడు. "ఈ దద్దుర్లేంటి? ఏమన్నా మందు పడదా ఇతనికి? ఏదన్నా కుట్టిందా?"

"అదేం లేదు సార్. ముందు నుంచీ ఒంటి మీద దురద ఉంది వీడికి" అన్నాడు గుమస్తా.

డాక్టరు ఇంకా పిడికిలి మొహమే చూస్తున్నాడు. ఊచ నమ్మాలా, దద్దురు నమ్మాలా అని తేల్చుకోలేని చూపు అది. తేల్చుకోవడానికి ఎంతసేపు పడుతుందో! పిడికిలి వేళ్ళు మంచం రేకు మీద గోకడం మానేశాయి.

"ఊచ కాదు" అంది ఆమె.

గుమస్తా ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె విదిలించింది.

"ఊచ కాదయ్యా. కార్జంలో నీళ్ళతిత్తి ఉంది. కుక్కల నుంచి వచ్చిందని మీ డాక్టరమ్మే చెప్పింది. పొడవొద్దంది. పొడిచాం. నీళ్ళు లోపల ఒలికాయి. పొడిచింది మా మామ. కాళ్ళు పట్టుకుంది నేను. దారి చూపింది మా యజమాని. ఇక ఆ ఇంజెక్షనేదో వెయ్యండయ్యా! ప్రాణం మీదికొస్తే వేసేది ఒకటుందని ఆవిడ చెప్పింది!"

డాక్టరు ఆ మాట పూర్తిగా వినలేదు, అప్పటికే నర్సు చేతిలోంచి సూదిమందు అందుకుని అతని తొడలో దింపుతున్నాడు. మంచం తోసుకుంటూ లోపలికి పరిగెత్తారు. తలుపు రెక్కలు కాసేపు ఊగి నిలిచాయి.

చాలాసేపటికి డాక్టరు బయటికొచ్చాడు. ఊపిరి అందుతోందన్నాడు. రాత్రి గడిస్తే చెప్పగలమన్నాడు. గడిచినా, ఒలికిన నీళ్ళు కడుపంతా విత్తనాలు చల్లినట్టేనని, ఏళ్ళ తరబడి మందులూ, మళ్ళీ మళ్ళీ కోతలూ తప్పవన్నాడు. ఇందాక చెప్పింది పోలీసుల ముందు కూడా చెప్పాలన్నాడు. "ఇంకెవరన్నా చెబుతారా? అక్కడ ఇంకా ఎంతమంది కడుపులో ఉందో మేం వచ్చి చూడాలంటే ఒక్కరి మాట చాలదు."

"చెబుతారు" అంది ఆమె. ఎవరు చెబుతారో ఆమెకే తెలియదు.

బయట వ్యాను హారను మోగింది. ఆమె వరండాలోకి వచ్చింది. గుమస్తా ఫోను చెవి నుంచి తీసి, ఆమెను అసలు చూడనట్టే, మెట్ల మీద కూర్చున్న మేస్త్రితో అన్నాడు.

"సాయంత్రం సరుకు దిగింది మేస్త్రీ. బండ దగ్గర ఎవరూ లేరు. అయ్యగారు రమ్మంటున్నారు. నీ సంగతి ఆయన చూసుకుంటారంట, భయపడొద్దన్నారు." ఆ తర్వాత గాల్లోకి అన్నాడు. "గదిలో సామాను బయట పెట్టిస్తాను. వచ్చి తీసుకుపొమ్మను."

మేస్త్రి లేచాడు. ఛాతీ మీద ఒలికిన నీళ్ళు ఆరిపోయి చొక్కా మీద మరక మిగిలింది. ఎన్నాళ్ళుగానో ఆ పిలుపుకు అలవాటుపడ్డ కాళ్ళు, అవంతట అవే వ్యాను వైపు నడిచాయి.

"మామా" అంది ఆమె.

అతను తిరగలేదు.

"వాళ్ళంతా ఊచ అంటారు. నేనొక్కదాన్నే సూది అంటాను. నువ్వు ఆ బండి ఎక్కావంటే నాది పిచ్చిదాని మాట. ఎక్కకు మామా."

గుమస్తా మళ్ళీ హారను కొట్టించాడు. వ్యాను ఇంజను వణుకుతోంది. మేస్త్రి ఒక కాలు బండి మెట్టు మీద పెట్టాడు. రెండో కాలు ఇంకా నేల మీదే ఉంది.